కూలుంబు కొలిచిన బలము

చార్లెస్ ఆగస్టిన్ కూలుంబు 1736 జూన్ 14వ తేదీన ఫ్రాన్సు దేశమందలి ఆంగులెమ్ పట్టణమున జన్మించెను. విద్యుదావేశమును కొలుచు ప్రమాణమునకు 1881లో ఆయన పేరు పెట్టుటచే మన విద్యార్థులందరును ఆ పేరెరుగుదురు. కాని ఆయన వృత్తిచే సైన్యమున ఇంజనీరు. 1764లో ఫ్రెంచివారి వలసయైన మార్టినిక్ ద్వీపమునకు పోయి, కోట కట్టించుచు ఎనిమిది సంవత్సరములు గడపెను. అచట పలుమారు జబ్బుపడి చెడిన ఆరోగ్యము మరల పూర్తిగా కుదుటపడలేదు.

ఆ పనులలోనే మనుష్యుని శ్రమ యెట్టిదో ఆయన చూచెను. ఫ్రాన్సులో చేయగల పనిలో సగమైనను ఆ యెండలలో సైనికులు చేయజాలకుండిరి. మోసిన బరువును ఎక్కించిన ఎత్తుచే గుణించి కూలివాని దినపు పనిని లెక్కకట్టిన ఆయన వ్యాసము 1799లో వెలువడెను.

ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినది మాత్రము 1785లో విజ్ఞాన పరిషత్తునకు నివేదించిన త్రాసు. గాజుపాత్రలో సన్నని వెండితీగ వ్రేలాడును. దాని చివర అడ్డపుల్ల, పుల్లకొనను బెండుబంతి. ప్రక్కనే కదలని మరియొక బంతి. రెంటికిని ఒకే జాతి ఆవేశము నీయగా మొదటిది 36 డిగ్రీలు తొలగి నిలిచెను. దానిని 18 డిగ్రీలకు తెచ్చుటకు తీగకు మొత్తము 144 డిగ్రీల మెలి కావలసివచ్చెను. దూరము సగమైనచో బలము నాలుగింతలు!

ఇచట నొక సందేహము కలుగును. బంతిని ఎడతెగక త్రోయుటకు శక్తి ఎచటినుండి వచ్చును? మూట నెత్తిన నిలిచిన కూలివాడు అలసిపోవును గదా! కూలుంబు గుణకారమే ఇందుకు సమాధానము. బరువు పైకి పోనిచో ఎత్తు సున్న, పనియు సున్న. కూలివాని అలసట అతని కండరములు లోలోపల పడు పాటు; అదే మూటను అరుగుమీద పెట్టినచో అరుగు అలసిపోదు. నిలుకడగానున్న ఆవేశములు అరుగువంటివి. తీగను మెలిపెట్టినపుడు చేయి చేసిన పని యూరక పోలేదు. అది తీగమెలిలోను, ఆవేశముల చుట్టునున్న విద్యుత్ క్షేత్రములోను నిలువయుండును. శక్తిని గూర్చిన ఈ భావము స్పష్టపడినది ఆయన గతించిన పిమ్మటనే.

అయినను కొంతసేపటికి బంతుల నడుమ బలము తగ్గుచుండెను. త్రోసి త్రోసి తరిగినదని కూలుంబు తలపలేదు. ఓపికతో కొలిచి, ఆవేశము తేమగాలిలోనికిని, ఆధారముల వెంటను జారిపోవుచున్నదని చూపెను. ఆయన ప్రతిభ నాకు ఇచటనే మిక్కిలిగా కనబడును.

ఫ్రెంచి విప్లవకాలమున బ్లవా పట్టణ సమీపమున కొన్నాళ్లు తలదాచుకొనెను. 1802 మొదలు ప్రభుత్వ విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరు జనరలై, దేశమున ఉన్నత పాఠశాలలు నెలకొల్పుటకు తోడ్పడుచు, 1806 ఆగస్టు 23న పారిసులో మరణించెను.