యల్లాప్రగడ సుబ్బారావు: సగం గెలిచిన యుద్ధం

పోయిన సెమిస్టర్‌లో మా పెద్దమ్మకి కీమో జరుగుతున్నప్పుడు స్కాన్ రిపోర్ట్ వచ్చింది. గడ్డ చిన్నదైంది కానీ పూర్తిగా పోలేదు. ఎందుకని అడిగితే డాక్టర్ గారు ఒక కారణం చెప్పారు. గడ్డ లోపల ఆక్సిజన్ సరిగా అందని కణాలు ఉంటాయట, వాటి మీద మందు అంతగా పనిచేయదట. ఆ రాత్రి హాస్టల్‌లో కూర్చుని కీమో మందులు మొదట ఎవరు చేశారో వెతికా. ఒక తెలుగు ఇంటిపేరు కనిపించింది. నేను ఇంగ్లీష్ మీడియం, బయాలజీ టెన్త్‌తోనే వదిలేశా. ఈ పేరు ఏ పాఠంలోనూ చదివిన గుర్తు లేదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. (బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు గమనించండి.) మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరుడు చనిపోవడం కూడా ఆయన చూశారు.

1920ల మొదట్లో బోస్టన్ వెళ్లారు. అక్కడ డాక్టర్‌గా పనిచేసే లైసెన్స్ లేదు కాబట్టి, ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేసుకుంటూ చదివారు. తర్వాత హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ దారిలోనే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. మనం పరుగు మొదలుపెట్టిన తొలి క్షణాల్లో, ఆక్సిజన్ ఇంకా సరిపడా అందకముందే, కండరాన్ని నడిపేది ఈ రెండే. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ ఆసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. సోదరుణ్ణి తీసుకెళ్లిన స్ప్రూకి అది మందుగా పనికొచ్చింది. కణం విడిపోవాలంటే డీఎన్ఏ కాపీ చేసుకోవాలి, దానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. అచ్చం దానిలాగే కనిపించే నకిలీ అణువు ఇస్తే? మన భాషలో స్పూఫింగ్ అన్నమాట. కణం మోసపోతుంది, కాపీ ఆగిపోతుంది. అలా వచ్చిందే అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి మెరుగైంది. కొంతకాలమే అయినా, అంతకుముందు అది కూడా లేదు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

అయితే ఈ ఎత్తు పనిచేసేది విడిపోతున్న కణం మీదే. ఆక్సిజన్ రక్తనాళం నుంచి మిల్లీమీటర్‌లో పదో వంతు, మహా అయితే రెండు వంతుల దూరమే వెళ్లగలదు. దానికి అవతల ఉన్న కణాలు ఊపిరాడక విడిపోవడం తగ్గించేస్తాయి. పైగా మందు కూడా అంత దూరం సరిగా చేరదు. కాపీయే చేయని కణాన్ని నకిలీతో ఎలా మోసం చేస్తాం? తర్వాత మళ్లీ పెరిగేది అలాంటివే కావచ్చు. గడ్డల్లో ఈ ఆక్సిజన్ లోటు గురించి థామ్లిన్‌సన్, గ్రే ఇంగ్లండ్‌లో రాసింది 1955లో. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకే, నిద్రలో గుండె ఆగి పోయారు. ఇండియాకి మళ్లీ రానే లేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

పెద్దమ్మకి ఎక్కిస్తున్నది ఆయన మందు కాదు. కానీ మందుతో కేన్సర్‌ని లొంగదీయొచ్చని చూపించిన మొదటి కొద్దిమందిలో ఆయన ఒకరు. ఈ కథంతా ఫోన్‌లో చెప్తే, భీమవరం అబ్బాయా, ఎవరి తాలూకు అని అడిగింది. వచ్చే నెల మళ్లీ స్కాన్ ఉంది. మిగిలిన ఆ సగం మీద ఇప్పుడు చాలామంది పనిచేస్తున్నారు, అందులో మనలాంటి కోడ్ రాసేవాళ్లకీ పని ఉంది. నేను మళ్లీ బయాలజీ పుస్తకం తెరిచా.