చేతిపనుల బడి విద్యార్థి

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం కరెంటు టవర్ల లెక్కలు వేయడంతోనే గడిచింది. అందువల్ల సన్నగా పొడుగ్గా ఉన్నది ఏది కనిపించినా, ఇది గాలికి ఎంత ఊగుతుంది, దీని పునాది ఎంత లోతు అన్న ఆలోచనే ముందు వస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక పుస్తకం తిరగేస్తూ రుమేనియాలోని ఒక స్తంభం బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఎత్తు 29 మీటర్ల పైచిలుకు. బాగా వెడల్పైన చోట 90 సెంటీమీటర్లు, సన్నని చోట 45. మామూలుగా ఇలాంటివి అడుగున లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడాలి. ఇది కింది నుంచి పై దాకా ఒకటే కొలత. పట్టి ఉంచే తీగలు లేవు. అలాంటి డ్రాయింగు నా బల్ల మీదికి వస్తే సంతకం పెట్టే ముందు రెండు రోజులు నానబెట్టేవాణ్ణి. 1937లో నిలబెట్టారట. ఇప్పటికీ నిలబడే ఉంది. దాన్ని ఊహించినవాడు ఇంజనీరు కాదు, శిల్పి. పేరు కాన్‌స్టాంటిన్ బ్రంకూషి.

అప్పటిదాకా నైరూప్య కళ అంటే నాకు వేళాకోళమే. మనిషి బొమ్మ వేయడం చేతకానివాళ్లు గుడ్డు బొమ్మ వేసి దానికి పెద్ద పేరు పెడతారని స్నేహితుల దగ్గర అనేవాణ్ణి. ఈ పెద్దమనిషి జీవితం చదివాక ఆ మాట మానేశాను. మన సంచికకు ఆయన గురించి రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

బ్రంకూషి 1876 ఫిబ్రవరి 19న కార్పేతియన్ కొండల దిగువన హోబీత్సా అనే పల్లెలో పుట్టాడు. పేద రైతు కుటుంబం. ఆ ప్రాంతంలో ఇళ్లన్నీ కర్రతో కట్టినవే. అరుగు స్తంభాల మీద, ద్వారాల మీద, ఆఖరికి సమాధుల దగ్గర పాతే గుంజల మీద కూడా నగిషీ చెక్కడం అక్కడి ఆచారం. పిల్లవాడు గొర్రెలు కాస్తూ ఆ చెక్కడం చూస్తూ పెరిగాడు. తొమ్మిదేళ్లకు తండ్రి పోయాడు. పదకొండో ఏట ఇల్లు వదిలేశాడు. తర్వాత కొన్నేళ్లు క్రయోవా పట్నంలో హోటల్లోనూ కిరాణా కొట్లోనూ పని. సామాన్లు వచ్చిన పెట్టె చెక్కలతో వయొలిన్ చేసి వాయించాడనీ, అది చూసినవాళ్లు ఇతను ఉండాల్సిన చోటు ఇది కాదని చేతిపనుల బడిలో చేర్పించారనీ చెబుతారు. 1894లో ఆ బడిలో చేరేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. చదవడం, రాయడం తనంతట తానే నేర్చుకోవాల్సి వచ్చింది. పట్నంలోని ఒక చర్చి ఉపకార వేతనం ఇచ్చింది. వడ్రంగంలో మంచి పేరు తెచ్చుకుని 1898లో బయటికి వచ్చాడు.

అక్కడి నుంచి బుఖారెస్ట్ కళాశాల. ఆయన అక్కడ చేసిన ఒక పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా నోరు మూయించింది అదే. గెరోటా అనే వైద్యాచార్యుడి పర్యవేక్షణలో, నిలువెత్తు మనిషిని చర్మం ఒలిచేసినట్టుగా మలిచాడు. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ఎముకను పట్టుకుంటుందో, మోకాలి దగ్గర ఏ స్నాయువు ఏ వైపు నుంచి దిగుతుందో అన్నీ లెక్క ప్రకారం. ఏదో అందంగా ఉందని మెచ్చుకుని పక్కన పెట్టిన బొమ్మ కాదది. వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణం నేర్పడానికి వాడారు. ఒళ్లంతా ఇంత క్షుణ్ణంగా తెలిసినవాడు తర్వాత కళ్లూ ముక్కూ చేతులూ ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడంటే, చేతకాక అని ఎలా అనగలను?

1904లో పారిస్ చేరాడు. డబ్బుల్లేక దారిలో చాలా భాగం నడిచే వెళ్లాడు. అక్కడ గిన్నెలు కడిగాడు, రుమేనియన్ చర్చిలో పాటలు పాడాడు, కళాశాలలో చేరాడు. 1907లో ఆనాటి శిల్పుల్లో అందరికంటే పెద్దవాడైన రోడాన్ దగ్గర సహాయకుడిగా చోటు దొరికింది. ఎవరైనా ఎగిరి గంతేసే అవకాశం. ఈయన కొద్ది వారాలకే బయటికి వచ్చేశాడు.

ఎందుకు అన్నది తెలియాలంటే అప్పటి పనివిధానం తెలియాలి. పెద్ద శిల్పి బంకమట్టితో నమూనా చేసేవాడు. దాన్ని చూసి పనివాళ్లు కొలతలు తీసుకుని పాలరాయిలో చెక్కేవారు. అంటే అసలు రాయికీ శిల్పి చేతికీ సంబంధం తక్కువ. పల్లెటూరి వడ్రంగికి అది రుచించలేదని నా అభిప్రాయం. చెక్కకు రేఖ ఎటు పోతుందో చూడకుండా ఉలి పెట్టడు వాడు. బ్రంకూషి నమూనాలు పక్కన పెట్టి నేరుగా రాతి దిమ్మ మీదే పని మొదలుపెట్టాడు. ముద్దు అనే శిల్పం అలా పుట్టింది. ఒకే దిమ్మ, అందులో ఇద్దరు మనుషులు. విడిగా రెండు శరీరాలు లేవు. ఇద్దరి కళ్లూ కలిసి ఒక కన్నులా కనిపిస్తాయి, చేతులు దిమ్మ చుట్టూ కట్టిన పట్టీల్లా ఉంటాయి. దాని నిలువెత్తు రూపం ఒకటి పారిస్ మోంపర్నాస్ శ్మశానంలో, ప్రాణం తీసుకున్న ఒక రష్యన్ యువతి సమాధి మీద నిలిపారు.

ఆ తర్వాత తలలు. నిద్రపోతున్న స్త్రీ తల మొదట్లో ముక్కు, పెదవులు, జుట్టుతో ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో రూపంలో ఒక్కొక్కటి కరిగిపోయింది. 1920 ప్రాంతంలో చేసిన సృష్టి ఆరంభం అనే శిల్పానికి వచ్చేసరికి మిగిలింది వట్టి అండాకారం. పక్కకు ఒరిగి పడుకున్న గుడ్డు, అంతే. నేను వేళాకోళం చేసిన గుడ్డు ఇదే. విశ్వాన్ని బ్రహ్మాండం అని రోజూ అంటూ ఉండే మనకు ఇందులో అర్థం కానిది ఏముందని ఇప్పుడు అనిపిస్తుంది. నవ్వడం తేలిక, అంతే.

ఇలా తగ్గిస్తూ పోవడంలో ఆయన ఎక్కువ కాలం తిరిగింది పక్షి చుట్టూ. మొదట్లో అది వాళ్ల జానపద కథల్లోని మాయాస్త్ర అనే బంగారు పిట్ట. ముక్కు, పొట్ట, కాళ్లు అన్నీ ఉన్నాయి. 1923 నుంచి వచ్చిన అంతరిక్షంలో పక్షి వరుసలో రెక్కలు లేవు, ఈకలు లేవు, ముక్కు లేదు. సన్నగా పైకి లేచిన ఒక వంపు, పైన ఏటవాలు కోత. పిట్ట ఆకారం పోయి ఎగరడం ఒక్కటే మిగిలింది. పాలరాతిలో, కంచులో కలిపి సుమారు పదహారు చేశాడు. చూడటానికి అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ ఏ రెంటి కొలతలూ ఒకటి కావు. కంచు పక్షులను అద్దంలా మెరిసేదాకా చేత్తో రుద్దేవాడు. అంత బరువూ అడుగున ఒక సన్నని మెడ మీద నిలబడుతుంది. పాలరాయి వంపును భరించే పదార్థం కాదు. దాంట్లో అంత సన్నని చోటు చెక్కడానికి గుండె ధైర్యం కావాలి. ఒక్క దెబ్బ ఎక్కువైతే నెలల పని రెండు ముక్కలు.

1926లో అలాంటి కంచు పక్షి ఒకటి న్యూయార్క్ రేవులో దిగింది. కళాఖండాలకు అక్కడ సుంకం లేదు. కానీ కస్టమ్స్ అధికారులు దీన్ని వంటింటి సామాన్లు, ఆసుపత్రి పరికరాల పద్దులో వేసి 40 శాతం సుంకం వడ్డించారు. వాళ్లను చూసి నవ్వడానికి నాకు హక్కు లేదు, నేనూ ఆ సీట్లో ఉంటే అదే చేసేవాణ్ణి. వ్యవహారం కోర్టుకెక్కింది. పక్షిలా లేనిది పక్షి ఎలా అవుతుందన్నది వాదం. ఎప్‌స్టైన్ అనే శిల్పి వేల ఏళ్ల నాటి ఈజిప్టు డేగ శిల్పాన్ని తెచ్చి, అందులోనూ ఈకలు కాళ్లు లేవని చూపించాడు. 1928 నవంబరులో తీర్పు బ్రంకూషికి అనుకూలంగా వచ్చింది. ప్రకృతిని పోలి ఉంటేనే శిల్పం అన్న పాత లెక్క ఆ దేశపు చట్టంలో అలా మారింది.

ఈ పక్షులతోనే ఆయనకు మన దేశంతో సంబంధం. టిబెట్ యోగి మిలరేపా జీవితచరిత్ర ఆయనకు చాలా ఇష్టమైన పుస్తకం. ఇందోర్ మహారాజు యశ్వంత్‌రావు హోల్కర్ ఆయన దగ్గర మూడు పక్షులు కొన్నాడు, నల్ల పాలరాయి ఒకటి, తెల్లది ఒకటి, కంచుది ఒకటి. వాటి కోసం ఇందోర్‌లో ఒక ధ్యాన మందిరం కట్టాలని ఇద్దరూ అనుకున్నారు. మధ్యలో నీళ్లు, చుట్టూ పక్షులు. ఆ పని మీద బ్రంకూషి 1937 చివర బయల్దేరి వచ్చాడు. అదే ఏడు జూలైలో మహారాణి చనిపోయింది. రాజు దర్శనం దొరకలేదు. కొన్ని వారాలు చూసి, 1938 జనవరిలో వెనక్కి వెళ్లిపోయాడు. మందిరం కట్టలేదు. రెండు పాలరాతి పక్షులూ చివరికి ఆస్ట్రేలియాకు చేరాయి, ఇప్పుడు కాన్‌బెరా మ్యూజియంలో ఉన్నాయి.

ఇందోర్ వచ్చేనాటికి ఆయన తన అన్నిటికంటే పెద్ద పనిని సగంలో వదిలి వచ్చాడు. అదే నేను చూసిన స్తంభం.

1916 అక్టోబరులో జర్మన్ సైన్యం కొండ కనుమ దాటి జియు నది దాకా వచ్చింది. తుర్గు జియు ఊరి వంతెన దగ్గర సైనికులతో పాటు ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు కూడా అడ్డం నిలిచారు. ఆ పోరులో పోయినవాళ్లకు స్మారకం కావాలని ఇరవై ఏళ్ల తర్వాత ఆ జిల్లా మహిళా సంఘం బ్రంకూషిని అడిగింది. పుట్టిన పల్లెకు దగ్గరి ఊరు. ప్రతిఫలం తీసుకోనన్నాడు. నది ఒడ్డు నుంచి ఊరి అవతలి దాకా ఒకే గీత మీద మూడు పనులు చేశాడు. నది దగ్గర రాతి బల్ల, చుట్టూ పన్నెండు ఆసనాలు. తర్వాత ముద్దు గుర్తు చెక్కిన రాతి ద్వారం. ఆ గీత చివర అంతులేని స్తంభం. తుపాకీ పట్టిన సైనికుడి బొమ్మ లేదు. మన పల్లెల్లో వీరగల్లు మీద కూడా కత్తో గుర్రమో చెక్కుతాం. ఇక్కడ అదీ లేదు.

స్తంభం రూపం కొత్తది కాదు. 1918లోనే ఓక్ దుంగలో చెక్కాడు. చిన్నప్పుడు చూసిన అరుగు స్తంభాల ఆకారమే అది, రెండు వైపులా నొక్కిన పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. అయితే కర్రను 29 మీటర్లు లేపడం కుదరదు. అప్పుడు గెయోర్గెస్కు గోర్జాన్ అనే యువ ఇంజనీరు దొరికాడు. ఇతని తండ్రి బ్రంకూషికి క్రయోవా రోజుల నాటి మిత్రుడు. చూశారా, పాత స్నేహాలు ఎక్కడ పనికొస్తాయో.

వాళ్లు చేసిన పద్ధతి ఇది. 5 మీటర్ల లోతు కాంక్రీటు పునాది. అందులోంచి లేచే ఉక్కు వెన్నెముక, మూడు ముక్కలుగా తెచ్చి అతికించారు. లోపల బోలుగా ఉన్న పోత ఇనుము పూసలు, ఒక్కొక్కటి 1.8 మీటర్ల ఎత్తు, దండ గుచ్చినట్టు పై నుంచి ఒక్కొక్కటే ఆ వెన్నెముకలోకి దించారు. పదిహేను నిండు పూసలు, అడుగునా పైనా ఒక్కో సగం. పైన సగంతో ఆపడం వల్లే అది ఇంకా పోతున్నట్టు కనిపిస్తుంది. సన్నని చోటు, వెడల్పైన చోటు, ఎత్తు, ఈ మూడూ 1, 2, 4 లెక్కలో ఉంటాయి. పోతకు కావలసిన కర్ర మూసను బ్రంకూషి పెత్రోషాని వర్క్‌షాపులో కూర్చుని తన చేత్తోనే సరిచేశాడు. అప్పటికి ఆయనకు అరవై ఒక్క ఏళ్లు, ప్రపంచమంతా పేరు. 1937 నవంబరుకు స్తంభం లేచింది. ఇందోర్ ప్రయాణం ఆ వెంటనే. తిరిగి వెళ్లాక 1938 వేసవిలో ఇనుము మీద ఇత్తడి పూత చల్లించారు. గుడి ముందు ధ్వజస్తంభానికి మనం లోపల మాను, పైన ఇత్తడి తొడుగు పెట్టడం నాకు వెంటనే గుర్తొచ్చింది. ఆయన మన ధ్వజస్తంభాన్ని చూసి చేశాడని నేననడం లేదు, డిజైన్ ఇటు రాకముందే అయిపోయింది.

నా మొదటి అనుమానం గాలి గురించి కదా. వెడల్పు మాటిమాటికీ మారడం వల్ల గాలి ఒక లయలో పట్టి ఊపే వీలు దొరకదు. చాలా దశాబ్దాల తర్వాత గాలి సొరంగంలో పెట్టి పరీక్షించినవాళ్లు తేల్చింది అదే.

తర్వాతి కథ చేదు. యుద్ధం తర్వాత రుమేనియాలో కొత్త ప్రభుత్వం వచ్చింది. 1951లో అక్కడి అకాడమీ సమావేశాల్లో ఆయన కళ ప్రజలకు పనికిరానిదని పెద్దలు తీసిపారేశారు. స్తంభాన్ని పాత ఇనుముగా వాడుకుందామని ట్రాక్టరు కట్టి లాగించారనీ, అది కదల్లేదనీ ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఆ పునాది లెక్క తెలిసినవాణ్ణి, నాకు ఆశ్చర్యమేమీ లేదు. 1952లో బ్రంకూషి ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్నాడు. పారిస్‌లోని తన పనిగదిని లోపలి శిల్పాలు, ఉలులు, రంపాలు, తాను చేసుకున్న బల్లలు, పొయ్యితో సహా ఫ్రాన్సు ప్రభుత్వానికి రాసిచ్చాడు. ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్నది షరతు. 1957 మార్చి 16న పోయాడు. ముద్దు శిల్పం ఉన్న మోంపర్నాస్‌లోనే ఆయన సమాధి. పనిగదిని తర్వాత పాంపిడూ కేంద్రం ఎదుట మళ్లీ కట్టి పెట్టారు. స్తంభాన్ని 2000 నాటికి పూర్తిగా విప్పి బాగుచేశారు. 2024 జూలైలో తుర్గు జియు స్మారకం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ నిర్ణయం జరిగిన సమావేశం మన ఢిల్లీలోనే.

ఇక మొదట్లో దాటేసిన కారణం. మన రోజుల్లో క్రాఫ్టు పీరియడు ఉండేది గుర్తుందా? వెనక రేకుల షెడ్డులో రంపాలు, చిత్రికలు, వైసు బిగించిన పెద్ద టేకు బల్ల. లెక్కల ట్యూషను కోసం ఆ పీరియడు ఎగ్గొట్టినవాళ్లలో నేను ముందుండేవాణ్ణి. కొన్నేళ్ల కిందట కొత్త గదులకు స్థలం కావాల్సి వచ్చినప్పుడు పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లం కొందరిని సలహా అడిగారు. ఆ షెడ్డు అక్కర్లేదు, తీసేయవచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టింది నేనే. రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. బ్రంకూషి చేరిన చేతిపనుల బడి గురించి చదువుతుంటే ఆ సంతకం గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

షెడ్డు ఎలాగూ లేదు. పనిముట్లు కొన్ని స్టోరు గదిలో తుప్పు పట్టి దొరికాయి. వాటిని బాగుచేయించే ఖర్చు నేను పెట్టుకుంటానని ప్రధానోపాధ్యాయులతో చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికి రెండు పీరియడ్లు ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు. దొరకనిది ఆ టేకు బల్ల ఒక్కటే. షెడ్డు తీసేసినప్పుడు ఊళ్లో ఎవరో తీసుకెళ్లారంటున్నారు. ఒక కాలికి ఇనప పట్టీ కొట్టి ఉంటుంది, అంచు మీద మన బ్యాచీ వాళ్లు చెక్కిన పేర్లుంటాయి. ఎవరింట్లో ఉందో తెలిసినవాళ్లు దయచేసి సంఘం కార్యదర్శికి ఒక ఫోన్ చేయండి.