రాజా రవివర్మ – చిత్రం నుండి ఛాయాచిత్రానికి

భారతీయ చిత్రకళను రాజప్రాసాదాల నుండి సామాన్యుని ఇంటి గోడపైకి చేర్చిన చిత్రకారుడు రాజా రవివర్మ. ఆయన 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించాడు. మేనమామ రాజరాజవర్మ బాలుని ప్రతిభను గుర్తించి తొలి పాఠాలు నేర్పాడు. పద్నాలుగేళ్ల ప్రాయంలో అతనిని తిరువనంతపురం తీసుకొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజు ప్రాపకంలో నిలిపాడు.

ఆనాడు తైలవర్ణ చిత్రకళ మన దేశంలో కొద్దిమందికే తెలిసిన విద్య. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు దాని మెలకువలు బోధించడానికి ఇష్టపడలేదు. 1868లో వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడార్ జెన్సన్ కూడా నేర్పడానికి అంగీకరించక, తాను చిత్రిస్తుండగా చూడడానికి మాత్రం అనుమతించాడు. ఆ చూపునే గురువుగా చేసుకొని, రంగులను ఎలా కలపాలో, వెలుగునీడలను ఎలా పొదగాలో రవివర్మ స్వయంకృషితో సాధించాడు.

1873లో మద్రాసులోను, వియన్నాలోను జరిగిన ప్రదర్శనలలో బహుమతులు పొందడంతో ఆయన కీర్తి దేశవిదేశాలకు వ్యాపించింది. బరోడా పాలకుడు శాయాజీరావు గైక్వాడ్ పద్నాలుగు పౌరాణిక చిత్రాలు గీయవలసిందిగా ఆయనను కోరాడు. పురాణ స్త్రీలకు ఎటువంటి వస్త్రధారణ తగునన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. రవివర్మ తమ్ముడు రాజరాజవర్మతో కలిసి ఉత్తర భారతమంతా పర్యటించి, వివిధ ప్రాంతాల వేషభాషలను పరిశీలించాడు. చివరకు చీరకట్టునే ఎంచుకున్నాడు. సజీవులైన స్త్రీలను ఎదుట కూర్చుండబెట్టుకొని, వారి ముఖకవళికలలో దమయంతిని, శకుంతలను, లక్ష్మిని, సరస్వతిని దర్శించాడు. ఆ విధంగా దేవతలకు మానవ రూపం లభించింది. అయితే ఆ రూపాన్ని అరువిచ్చిన స్త్రీలలో అధికసంఖ్యాకుల పేర్లు నేటికీ లోకానికి తెలియవు.

1894లో ఆయన బొంబాయిలో శిలాముద్రణాలయాన్ని స్థాపించాడు. స్వల్ప వెలకు లభించిన ఆ ముద్రిత చిత్రాలు దేశం నలుమూలలా పూజామందిరాలలో వెలిశాయి. ఆలయ ప్రవేశానికి నోచుకోని వారికి సైతం దేవతామూర్తి ఇంటిలోనే దర్శనమిచ్చింది. తెలుగునాట కూడా లక్ష్మీసరస్వతుల పటాలు లేని ఇల్లు అరుదయింది. కాని ముద్రణాలయం ఆయనకు అప్పులనే మిగిల్చింది. దానిని జర్మను సాంకేతిక నిపుణునికి అమ్మక తప్పలేదు. 1905లో తమ్ముని మరణం ఆయనను క్రుంగదీసింది. 1906 అక్టోబర్ 2న రవివర్మ కన్నుమూశాడు.

అటు తరువాత, ఆయన శైలి పాశ్చాత్యానుకరణమని, క్యాలెండరు బొమ్మల స్థాయిదని విమర్శకులు తక్కువ చేశారు. అయినా ఆ చిత్రాలు ప్రజల మనసులనుండి చెరిగిపోలేదు. 1979లో భారత ప్రభుత్వం వాటిని జాతీయ కళానిధులుగా ప్రకటించింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఆయన చిత్రాలున్నాయి.

ఇటీవలి కాలంలో ఛాయాచిత్రకారులు రవివర్మ చిత్రాలకు కొత్త జీవం పోశారు. 2000–2004 సంవత్సరాల మధ్య బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల, ఛాయాచిత్రకారిణి క్లేర్ ఆర్నీతో కలిసి ఆయన లక్ష్మిని, వెన్నెలలో కూర్చున్న వనితను తానే వేషం ధరించి పునఃసృష్టించింది. ఆదర్శ స్త్రీ రూపాన్ని ఎవరు, ఎలా నిర్మించారన్నది ఆమె ప్రశ్న. 2020లో ఛాయాచిత్రకారుడు జి. వెంకట్‌రామ్, ఒంటరి మహిళలకు చేయూతనిచ్చే నామ్ సంస్థకోసం రూపొందించిన క్యాలెండరులో సమంత, రమ్యకృష్ణ, మంచు లక్ష్మి మొదలైన తారలు రవివర్మ నాయికలుగా కనిపించారు.

ఇది సులభసాధ్యమైన పని కాదు. కుంచె పట్టినవాడు తాను కోరినచోట వెలుగును నింపగలడు. కెమెరా పట్టినవాడు దీపాలను అమర్చి ఆ వెలుగును రప్పించాలి. చీర మడతలు, నగల బరువు, చేతివేళ్ల వంపు అన్నీ మూలచిత్రానికి సరిపోవాలి. నాలుగు చేతుల లక్ష్మిని చూపాలంటే రెండు చేతులను కల్పించక తప్పదు. అప్పుడే రవివర్మ ఎంత నేర్పుగా వాస్తవాన్ని, ఊహను జోడించాడో తెలిసివస్తుంది.

సజీవ స్త్రీని చూచి రవివర్మ దేవతను చిత్రించాడు. ఆ చిత్రాన్ని చూచి నేటి ఛాయాచిత్రం మరల సజీవ స్త్రీని మన ముందు నిలిపింది. ఒకనాడు పేరులేక మిగిలిన ఆ స్థానంలో నేడు పేరుగల స్త్రీలు నిలిచారు. ఒకప్పుడు నిందకు కారణమైన క్యాలెండరే ఆయన కళను కొత్త తరానికి అందించడం విశేషం.