రాతి మీద పూసిన తామర – రవివర్మ కథ

మన ఇళ్ళలో దేవుడి గూట్లో ఉన్న లక్ష్మీదేవి పటం ఎవరు గీశారని అడిగితే చాలామంది నవ్వుతారు. దేవుడి పటం ఎవరో గీయడమేమిటి, అది ఎప్పట్నించో ఉన్నదే కదా అంటారు. మా ఊళ్ళో మా పెద్దవాళ్ళదీ ఇదే మాట. తామరపువ్వు మీద నిలుచున్న లక్ష్మికి, వీణ పట్టిన సరస్వతికి మన మనసుల్లో నిలిచిన రూపం చాలామటుకు ఒక మనిషి చేతి చలవ. ఆయనే రాజా రవివర్మ. ఆయన గొప్ప చిత్రకారుడని అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆయన పెట్టిన అచ్చుయంత్రం కథే ఎక్కువ నచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న కేరళలోని కిళిమానూరులో పుట్టాడు. చిన్నప్పుడు గోడల నిండా బొగ్గుతో బొమ్మలు గీసేవాడట. ఇంకో ఇంట్లో అయితే వీపు పగిలేది. ఈయన అదృష్టం, మేనమామ రాజరాజవర్మ స్వయంగా చిత్రకారుడు. తిట్టకుండా దగ్గర కూచోబెట్టుకుని నేర్పాడు. పద్నాలుగో ఏట తిరువనంతపురం తీసుకెళ్ళి తిరువాన్కూరు మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆశ్రయంలో ఉంచాడు.

అప్పట్లో తైలవర్ణాలు మనవాళ్ళకు కొత్త. 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజుగారి బొమ్మ వేయడానికి వచ్చాడు. దగ్గరుండి నేర్పడం ఆయనకు ఇష్టంలేదు గాని, వేస్తుంటే చూడనిచ్చాడు. కుర్రాడు చూశాడు. చూసినదాన్ని ఇంటికొచ్చి చేసి చూసుకున్నాడు. ప్రాక్టికల్స్‌లో డెమాన్‌స్ట్రేటర్ చేతుల వంక చూసి నేర్చుకునే మనకు ఆ అవస్థ కొత్తగా చెప్పక్కర్లేదు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1873లో, మద్రాసు ప్రదర్శనలో ఆయన వేసిన నాయరు స్త్రీ చిత్రానికి బంగారు పతకం వచ్చింది. అదే ఏడు వియన్నాలోనూ బహుమతి వచ్చింది. 1893లో చికాగో ప్రదర్శనకు పది చిత్రాలు పంపితే అక్కడా పతకాలొచ్చాయి.

ఇక్కడ బట్టల సంగతి చెప్పాలి. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ పురాణ కథల మీద 14 చిత్రాలు కావాలన్నాడు. శకుంతలకీ, దమయంతికీ, సీతకీ ఏ బట్ట కట్టాలి? ఒక్కో ప్రాంతంలో ఒక్కో కట్టు. రవివర్మ తమ్ముడు రాజరాజవర్మను వెంటబెట్టుకుని ఉత్తరదేశమంతా తిరిగాడు. పురాణకాలపు దుస్తులంటూ ఎక్కడా దొరకలేదు. చివరికి చీరను ఎంచుకున్నాడు. ఆయన సొంత మలయాళ దేశంలో ఆడవాళ్ళ కట్టు ముండు. అయినా సొంత ఊరి అలవాటును పక్కనబెట్టి, నలుగురికీ నప్పేదాన్ని తీసుకున్నాడు. కుచ్చిళ్ళు ఎలా పడాలో, జరీ అంచు వెలుగు ఎక్కడ తగలాలో బట్టల వ్యాపారి కన్నా బాగా తెలిసినట్టు వేశాడు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లోని గాయనుల చిత్రంలో పదకొండుమంది స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో ప్రాంతపు వేషంలో కూచుని ఉంటారు. అప్పటి మన దేశపు కట్టూబొట్టూ తెలియాలంటే ఆ ఒక్క చిత్రం చాలు.

ఇంత పేరొచ్చినా బొమ్మలన్నీ ఉన్నది కోటల్లోనే. సామాన్యుడికి చూసే దారి లేదు. దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు ఆయనకు ముందే ఒక సలహా ఇచ్చాడు – ఈ చిత్రాలను ఐరోపా పంపి అచ్చు వేయించి దేశమంతా పంచమని. రవివర్మ ఇంకో అడుగు ముందుకేసి, అచ్చుకూటం ఇక్కడే పెడదామనుకున్నాడు. 1894లో బొంబాయిలో జర్మన్ యంత్రాలతో, జర్మన్ పనివాళ్ళతో ప్రెస్సు మొదలైంది. తొలిగా వచ్చిన బొమ్మ శకుంతల జననం.

కెమిస్ట్రీ చదివేవాణ్ణి కాబట్టి ఆ అచ్చు పని గురించి కాస్త చెప్పనివ్వండి. నూనెకీ నీళ్ళకీ పొత్తు కుదరదన్నదే దీనికంతటికీ మూలం. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ తిరగేసి గీస్తారు. దాని మీద బంకనీళ్ళలో కలిపిన పలుచని నత్రికామ్లం పూస్తారు. తర్వాత రాయిని తడిపితే ఖాళీ చోట నీళ్ళు నిలుస్తాయి, గీత ఉన్నచోట నిలవవు. అప్పుడు రంగు రోలరు దొర్లిస్తే గీతకే అంటుకుంటుంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. అన్ని రాళ్ళ అచ్చూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి, లేకపోతే అమ్మవారి పెదవి బుగ్గ మీదికి పోతుంది! చివర వార్నిషు పూస్తే తైలవర్ణ చిత్రంలా మెరుస్తుంది. దీన్నే ఓలియోగ్రాఫు అంటారు.

ఈ పటాలు ఊరూరా చేరాయి. గుడి గడప తొక్కనివ్వని కులాలవాళ్ళ ఇంటి గోడ మీదికి కూడా దేవుడు నడిచొచ్చాడు. పూజారి అనుమతి అడగకుండా దండం పెట్టుకోవచ్చు. కొందరు ఆడవాళ్ళు ఆ పటాల్లోని చీరలకు నిజం జరీ, పూసలు, తళుకులు కుట్టి ముస్తాబు చేసుకున్నారు. తర్వాత అవే బొమ్మలు క్యాలెండర్ల మీదికీ, అగ్గిపెట్టెల మీదికీ, బట్టల తానుల లేబుళ్ళ మీదికీ ఎక్కాయి. ఆ ప్రెస్సుకి లితో పని చేసిన ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర సినిమా తీశాడు.

మరి రవివర్మకి మిగిలిందేమిటి? అప్పు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది, జనం ఊరు విడిచి పారిపోయారు. 1899లో ప్రెస్సుని లోనావాలా దగ్గర మళవలికి మార్చారు. అయినా నిలదొక్కుకోలేదు. 1900 దాటిన రెండు మూడేళ్ళకే అందులో పనిచేసిన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కి ప్రెస్సునీ, బొమ్మల హక్కుల్నీ అమ్మేయాల్సొచ్చింది. పండించినవాడికి బాకీ, కొన్నవాడికి బేరం. రైతుబిడ్డలకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. 1905లో కుడిభుజంలాంటి తమ్ముడు పోయాడు. 1906 అక్టోబరు 2న రవివర్మా కన్నుమూశాడు. 1972లో ప్రెస్సు అగ్నికి ఆహుతైంది.

పోయాక నిందలూ వచ్చాయి. ఆనంద కుమారస్వామి వంటి పండితులు ఆయనది పాశ్చాత్యుల అనుకరణ అన్నారు. దేవతలు నాటకాల వేషగాళ్ళలా ఉన్నారన్నారు. ఇప్పటికీ క్యాలెండర్ బొమ్మ అంటే మన హాస్టల్లోనే కొందరు పెదవి విరుస్తారు. ఆ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. ఒకే ముఖం, ఒకే చీరకట్టు దేశమంతా పరుచుకున్నాక, ఊరికొక తీరున ఉండే అమ్మవారి రూపాలు కొంత వెనక్కి తగ్గాయి. అది నష్టమే. కాని 1979లో భారత ప్రభుత్వం ఆయన చిత్రాలను దేశం దాటి పోనివ్వకూడని కళాసంపదగా ప్రకటించింది. దానికి చాలా ముందే జనం తమ తీర్పు చెప్పి, పటం కట్టించి, బొట్టు పెట్టేశారు.

విత్తనం గాదెలో ఉన్నంతకాలం పురుగు పట్టకుండా భద్రంగానే ఉంటుంది, కాని గింజ గింజగానే ఉంటుంది. చేలో చల్లితే కొంత పిట్టలు తింటాయి, కొంత ఎండిపోతుంది, మిగిలింది ఊరికి అన్నమౌతుంది. రవివర్మ తన గింజను చల్లాడు. పంట ఆయన ఇంటికి రాలేదు, అంతే. మనం కూడా రేపు డిగ్రీ పట్టా పుచ్చుకుంటాం. నేర్చుకున్న నాలుగు ముక్కలు గాదెలో పోసి తాళం వేస్తామా, చల్లుతామా? నష్టం వస్తుందని తెలిసినా చల్లినవాళ్ళ పేర్లే నూరేళ్ళ తర్వాత మా ఊరి గోడల మీద ఉన్నాయి.