తూటా కంటె ముందు

మైసూరు అడవుల వేటకాడుగా ఖ్యాతి గడించిన కెన్నెత్ ఆండర్సను 1910లో సికిందరాబాదు చెంతనున్న బొలారములో జన్మించి, 1974లో మరణించెను. బెంగుళూరున, హూడికి నైరృతి దిక్కుననున్న విమాన కర్మాగారములో ఆతడు పెద్ద యుద్యోగి.

ఆ కాలమున అరసికెర ప్రాంతములో నొక ఎలుగుబంటి పండ్రెండుగురినైనను జంపి, మరి యిరువదిమందికి పైగా గాయపరచెను. ఆండర్సను మిత్రుని కుమారుడును దాని వాతబడెను. ఎలుగు పొదలనుండి హఠాత్తుగా వెలువడి మొగముపై బడును. గురిచూచుటకు వ్యవధి యుండదు. అట్టిచోట దట్టమైన రోమములను, కండను దాటి లోనికి జొచ్చు బరువైన తూటాయే అక్కరకు వచ్చును. ఆతని 405 విన్చెస్టరు రైఫిలు తూటా 300 గ్రెయినులు, అనగా సుమారు 19 గ్రాములు, తూగునది. పలుమారులు విఫలుడయ్యును పట్టు విడువక, తుద కాతడు దానిని గూల్చెను.

అయినను మేము మెచ్చునది తూటాను గాదు. ఏ తూటా యని యోచించుటకు ముందే ఏ జంతువని నిర్ణయించుకొనిన వివేకమును మెచ్చుచున్నాము. కడపటి యేండ్లలో ఆతడు తుపాకికి మారుగా కెమెరాను చేపట్టెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును ఈ వివేకమునే శాసనము గావించినది: నేడు ఎలుగుల వేట నిషిద్ధము, మనుష్యప్రాణమునకు ముప్పై, సజీవముగా బట్టుటకు వీలుగాని జంతువును, అధికారి యనుమతితో, చంపవచ్చును.