కర్నాల్ అమ్మాయి కల్పనా చావ్లా

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజి పట్టికలు అయినంక ఒక మహిళ జీవితం రాసుకోవడం మన నివేదికకు అలవాటు. ఈసారి కల్పనా చావ్లా గురించి రాయాలనుకున్నం. లాల్‌గడి మలక్‌పేట్‌లో విమానం మనకు కొత్త కాదు. హకీంపేట, దుండిగల్ నుంచి లేచే శిక్షణ విమానాల చప్పుడు పొలంలో కలుపు తీస్తున్నా వినిపిస్తది. కల్పన కూడా అట్లాంటి చప్పుడు వింటూనే పెరిగింది. హర్యానాలోని కర్నాల్‌లో ఫ్లయింగ్ క్లబ్ ఉండేది. అక్కడి చిన్న విమానాలంటే ఆ పిల్లకు ప్రాణం.

తండ్రి బనారసీలాల్ దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వైపు నుంచి అన్నీ వదిలేసి వచ్చిన మనిషి. చిన్నాచితకా వ్యాపారాలు చేసి, చివరకు టైర్ల వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. నలుగురు పిల్లల్లో కల్పనే చిన్నది. ఇంట్లో మోంటు అని పిలిచేవారు. బడిలో చేర్చే రోజు తన పేరు తానే ఎంచుకుంది. పుట్టింది 1962 మార్చి 17న. మెట్రిక్ పరీక్షకు వయసు చాలదని కాగితాల్లో 1961 జులై 1 అని రాయించారు. ఆధార్ కార్డులో జనవరి 1న పుట్టినట్టున్న అక్కలు మనలో ఎంతమందో! కాబట్టి ఇది మనకేం వింత కాదు.

చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో విమానాల ఇంజినీరింగ్ తీసుకుంటానంటే, ఆడపిల్లకు అదెందుకు అన్నవారే ఎక్కువ. ఆమె మాట మార్చుకోలేదు. 1982లో పట్టా తీసుకుంది. పై చదువుకు అమెరికా పంపడానికి తండ్రిని ఒప్పించేసరికి చాలా సమయం పట్టింది. అక్కడ 1984లో ఎమ్మెస్, 1988లో డాక్టరేట్ పూర్తి చేసింది. విమానం నడపడం నేర్పే జాన్ పియెర్ హారిసన్‌ను పెళ్లాడింది. నాసాలో పరిశోధన చేసి, 1994 డిసెంబరులో వ్యోమగామిగా ఎంపికైంది.

1997 నవంబరు 19న కొలంబియా నౌకలో మొదటిసారి వెళ్లింది. భారతదేశంలో పుట్టి అంతరిక్షానికి వెళ్లిన మొదటి మహిళ ఆమే. నౌక బయట ఉండే యాంత్రిక చేతిని నడపడం ఆమె పని. ఆ చేత్తోనే సూర్యుణ్ణి పరిశీలించే స్పార్టన్ ఉపగ్రహాన్ని బయట వదలాలి. వదిలింది గానీ అది పనిచేయలేదు. తిరిగి పట్టుకోబోతే పట్టు దొరకలేదు, ఉపగ్రహం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. మూడు రోజుల తర్వాత ఇద్దరు సహచరులు నౌక బయటికి వెళ్లి, టన్నుకు పైగా బరువున్న దాన్ని చేతులతో పట్టి తెచ్చారు.

తప్పు కల్పనదే అన్న మాట లోకమంతా పాకింది. సంఘంలో లెక్క తేడా వస్తే ముందు పుస్తకం రాసే ఆమె ముఖమే చూస్తం కదా, అట్లనే. నాసా మాత్రం నెలల తరబడి విచారణ చేసింది. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని, నౌకలోని వారికీ భూమి మీది వారికీ పెట్టిన పని పద్ధతులు కూడా సరిగా లేవని తేల్చింది. కల్పన మీద నింద పోయింది. మాకు ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే. పైకి వెళ్లడం ఒక ఎత్తు. అందరూ వేలు చూపిస్తున్నప్పుడు విచారణ తేలేదాకా పనిలోనే నిలబడటం మరో ఎత్తు. 2000లో ఆమెను రెండో యాత్రకు ఎంపిక చేశారు.

ఆ యాత్ర వాయిదాల మీద వాయిదాలు పడింది. ఇంజిన్ల గొట్టాల్లో పగుళ్లు కనిపించడం కూడా అందుకు ఒక కారణం. చివరకు 2003 జనవరి 16న ఏడుగురితో కొలంబియా లేచింది. లేచిన 82 సెకన్లకు బయటి ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. రెక్కను ఫొటోలు తీయించాలని కొందరు ఇంజినీర్లు అడిగారు. పైవాళ్లు పట్టించుకోలేదు. కింది నుంచి వచ్చిన మాట పైకి చేరకపోతే ఏమైతదో, ఆ విచారణ నివేదిక నిండా అదే ఉంది. నౌకలో ఉన్నవారికి మాత్రం భయమేమీ లేదని సందేశం వెళ్లింది. వాళ్లు రెండు పాళ్లుగా విడిపోయి రాత్రింబవళ్లు పనిచేసి, దాదాపు 80 ప్రయోగాలు చేశారు.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా దెబ్బ తిన్న చోట నుంచి మంటలాంటి వేడి గాలి రెక్కలోకి దూరింది. నేల మీద దిగడానికి ఇంకా 16 నిమిషాలుందనగా టెక్సాస్ మీద నౌక ముక్కలైంది. ఏడుగురూ పోయారు. కర్నాల్‌లో ఆమె చదివిన టాగోర్ బాల్ నికేతన్ పిల్లలు సంబరం చేసుకోవాలని ఎదురుచూస్తున్న రోజది. రెండు యాత్రలూ కలిపి ఆమె అంతరిక్షంలో గడిపింది 30 రోజుల పైచిలుకు. అస్థికలను అమెరికాలో ఆమెకిష్టమైన జయాన్ కొండల్లో కలిపారు.

అప్పటికి అయిదు నెలల ముందు, 2002 సెప్టెంబరు 12న, మన శ్రీహరికోట నుంచి ఇస్రో వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌ను పంపింది. ఆమె పోయిన నాలుగు రోజులకు ప్రధాని వాజపేయి దానికి కల్పన-1 అని పేరు పెట్టారు. నాట్లకు వాన కోసం చూసిన ఎన్నో ఏళ్లు, బంగాళాఖాతం మీది మబ్బుల ఫొటోలు వాతావరణ శాఖకు ఆ ఉపగ్రహం పంపుతూ వచ్చింది.