పిడికెడు బియ్యము: అజరయ్య బిషప్పుగారి జీవితము

ధ్యాన భాగము: 1 రాజులు 17:8-16

కొత్తగూడెమునుండి రైలులో పోవు మనవారందరు డోర్నకల్ జంక్షను చూచినవారే. ఆ ఊరికి పేరు తెచ్చిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో ఒక పల్లె పాదిరిగారి ఇంట పుట్టిరి. తండ్రి 1889లో గతించెను. బోర్డింగులో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలకు పోయి, పట్టా పుచ్చుకొనకయే సువార్త పనిలో చేరిరి.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు, వారిలో తాటిచెట్లెక్కి బ్రతుకువారు అనేకులు, తమ చందాలతోనే ఒక మిషనరీ సంఘమును కట్టిరి. ఆ సంఘముపక్షముగా అజరయ్యగారు 1909లో డోర్నకలుకు వచ్చి తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి భారతీయునికి దొరకుట అదే మొదలు. మన దుమ్ముగూడెము కోయ మిషను కూడ తరువాత ఆయన మండలములో చేరెను.

పల్లె బడి పెట్టుట ఒక పని, పిల్లవానిని పై తరగతివరకు నిలుపుట మరియొక పని. పసులకాపరి పిల్లవాడు బడికి పోయిన ఇంటికి ఆ కూలి పోవును. పై తరగతులు దూరమున నుండును గనుక బోర్డింగు కావలెను. బోర్డింగన్న అన్నము, ఉపాధ్యాయుడన్న జీతము. సీమనుండి వచ్చు ధనమా, 1930 తరువాత లోకమంతట వ్యాపారము పడిపోగా తగ్గిపోయెను. అజరయ్యగారు దానినే నమ్ముకొని కూర్చుండలేదు. డోర్నకల్ బోర్డింగులో పుస్తకముతోపాటు సేద్యము, చేతిపనులు నేర్పించిరి. సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చెడివారు. కోతలో పంట కానుక వేరు. కాపరుల, గ్రామోపాధ్యాయుల పోషణకు ఇవి ఆధారమాయెను.

భూమిలేని కూలివారిని ఇమ్మనుట కఠినము కాదా? మాకును మొదట అట్లే తోచెను. అయితే బీదవాడని ఎవనిని ఈవినుండి తప్పించుట వానిని చిన్నచూపు చూచుటయేనని అజరయ్యగారి నమ్మకము. సారెపతు విధవరాలి ఇంట నుండినదియు పట్టెడు పిండియే గదా. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయమునకును పల్లె కానుకలు చేరెను. 1945 జనవరి 1న ఆయన అక్కడనే కన్నుమూసిరి.

మా సంగతి చెప్పుటకు సిగ్గుగానున్నది. మా సంఘములో ఆ కుండలు ఎప్పుడో అటకెక్కెను. పోయిన యేడు ఏడవ తరగతి ముగించిన ఇద్దరు ఆడపిల్లలకు హాస్టలు ఖర్చు కావలసివచ్చినప్పుడు, మేము దూరపు దాతలకు ఉత్తరములు వ్రాసి జవాబుకొరకు కాచుకొంటిమి. జవాబు రాలేదు. బడులు తెరచునాటికి పిల్లలు మిరపకోతకు కూలికి పోవుటకు నిశ్చయించుకొనిరి. ఒకతె తిరిగి బడికి వచ్చినది. రెండవదాని తల్లితో ఇంకను మాటలాడుచున్నాము. కుండలు దించితిమి. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత బియ్యము కొలిచెదము.